కల్లంలో వదిలొచ్చిన గొంతు

కొత్తగుంటపాలెంలో బస్సు ఆగదు. ఆపాలంటే రోడ్డు దాకా పోయి చెయ్యి ఊపాలి. రహిమున్నీసాకు ఆ శ్రమ లేదు. అరుగు మీద నిలబడి ఒక్క కేక వేస్తే చాలు. ఒకసారి ఆ కేకకు అద్దంకి నుంచి వచ్చే బస్సుతో పాటు, ఎదురొచ్చే బస్సు, దాని వెనక పత్తి లారీ, ఆ లారీ వెనక సైకిలు మీద పోతున్న పోస్టుమాను కూడా ఆగారని, పోస్టుమాను సైకిలు దిగి ‘నేనేం చేశానమ్మా’ అని అడిగాడని చెప్పుకుంటారు. పోస్టుమాను సంగతి కల్పన అనేవాళ్ళున్నారు. బస్సుల సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

అలాంటి గొంతున్న మనిషిని మిరప కాలంలో ఇంట్లో ఎవరు కూర్చోనిస్తారు? ఆమె తమ్ముడు జాన్ బాషా కౌలుకు మిరప వేస్తాడు. కోసిన కాయను ఊరి బయట కల్లంలో పట్టాల మీద పరుస్తాడు. కాయ ఎండి బస్తాకెక్కే దాకా కాపలా అక్కదే. కాపలా అంటే కర్ర పట్టుకుని తిరగడం కాదు. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని కోతుల్ని తిట్టడం. జాన్ బాషా తిడితే కోతులు దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తాయి, ఏదో అంటున్నాడు పాపం అన్నట్టు. తమ్ముడికి రావాల్సిన గొంతు కూడా అక్కే పట్టుకుని పుట్టిందని వాళ్ళమ్మ అనేది.

కోతులు మిరపకాయలు తింటాయా అని పట్నంవాళ్ళు అడుగుతుంటారు. తినవు. తింటే ఒకసారితో బుద్ధొచ్చి పోయేవే. ఒక కాయ కొరికి, నోరు మండి, ఆ కోపం మిగతా కాయల మీద తీర్చుకుంటాయి.

ఆ మందకు ఒక పెద్దకోతి. దాని పేరు అల్లుడు. పేరు పెట్టింది రహిమున్నీసాయే, ఊరికే పెట్టలేదు. ఆమె అసలు అల్లుడు ముస్తాక్ కనిగిరిలో టైర్ల కొట్టు నడుపుతాడు. పోయిన బక్రీదుకు వచ్చి బిర్యానీలో ఉప్పు తగ్గిందన్నాడు. ముందు నోట్లో కిళ్ళీ ఊసి తింటే ఉప్పు తెలుస్తుందని అత్త మామూలు గొంతుతోనే అంది. ఆమె మామూలు గొంతు మూడు వీధులకు వినబడితే అది ఆమె తప్పా? ముస్తాక్ కంచం ముందు నుంచి లేచి పోయినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. తర్వాత మిరప కోతలు మొదలయ్యేసరికి ఈ పెద్దకోతి దిగింది. గట్టు మీద కాలు మీద కాలేసుకుని, ఏదో ఒకటి తెచ్చి పెట్టక ఎక్కడికి పోతారులే అన్నట్టు కూర్చునేది. అచ్చం ముస్తాక్ కూర్చున్నట్టే ఉందనుకుంది రహిమున్నీసా. అప్పటి నుంచి దాన్ని అల్లుడనే పిలిచింది, అల్లుడనే తిట్టింది. తిట్టి తిట్టి కోపం దిగాక, కల్లానికి దూరంగా తుమ్మచెట్టు మొదట్లో ఒక గిన్నెలో నీళ్ళు పెట్టి వచ్చేది. ఎండ అందరికీ ఒకటేగా.

ఇలా నడుస్తుండగా చీరాల నుంచి ఎలీసమ్మ ఫోను చేసింది. వీళ్ళిద్దరూ పరికిణీలనాటి నుంచి జంటగా పత్తి తీసినవాళ్ళు. ఒకరి ఒడి నిండకపోతే ఇంకొకరు తమ ఒడిలోది గుప్పెడు తీసి వేసినవాళ్ళు. ఎలీసమ్మ కొడుకుతో చీరాల వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మనవరాలు ఫెబాకు పెళ్ళి. ఎలీసమ్మ ఇంట్లో ఏ శుభం జరిగినా అది మిరప కాలంలోనే జరుగుతుంది, ఎప్పుడూ రహిమున్నీసా కల్లం వదిలి పోలేదు. ఈసారి ఎలీసమ్మ బతిమాలలేదు.

“ఒసే రహీమూ, ఫెబా పెళ్ళికి రాలేదనుకో, రేపు నేను పోయినా నువ్వు రావద్దు. కాయలు పరుచుకుని అక్కడే కూర్చో” అని పెట్టేసింది.

ఆ రోజు రహిమున్నీసా కోతుల్ని తిట్టలేదు. ఊరంతా ఒకటికి రెండుసార్లు బయటికొచ్చి చూసింది, ఏమైంది, ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటని. జాన్ బాషా భయపడి మంగళగిరిలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న కూతురు సిద్దికాకు ఫోను చేశాడు. సిద్దికా సంగతంతా విని, అత్త పెళ్ళికి పోతుంది, అత్త గొంతు కల్లంలో ఉంటుంది, ఆ ఏర్పాటు తాను చేస్తానని చెప్పి శనివారానికల్లా దిగింది. ఇంకోవైపు కనిగిరిలో రహిమున్నీసా కూతురు షమీమ్, అమ్మను చీరాల తీసుకుపోయే పని మొగుడి నెత్తిన పెట్టింది. ముస్తాక్ మూతి ముడుచుకుని ముడుచుకుని, చివరికి కారు ఎటూ చీరాలలో చూపించాలి, దారేగా అన్నాడు. కనిగిరిలో కార్లు బాగుచేసేవాళ్ళు లేనట్టు.

సిద్దికా తెచ్చింది అగ్గిపెట్టెకు అన్నయ్యంత ఉన్న కంప్యూటరు, ఒక మైకు హారను, ఒక బ్యాటరీ. హారను వేపకొమ్మకు కట్టారు. మిగతావి ఒక ఇనప పెట్టెలో పెట్టి మంచం పక్కన ఉంచారు. అందులో ఏముంటుందని రహిమున్నీసా అడిగింది. సిద్దికా ఓపిగ్గా చెప్పింది. ముందు ఒక ప్రోగ్రాము ఉంటుంది, పెద్ద పనులు అది చూసుకుంటుంది. దాని వెనకాల థ్రెడ్డు అని ఒకదాన్ని వదులుతాం. దాని పని ఒక్కటే, రెండు నిమిషాలకొకసారి లేచి తిట్టడం. ఎవరూ దానికి గుర్తు చేయక్కర్లేదు.

“అంతా నువ్వే తయారు చేశావా?”

“లేదత్తా. లైబ్రరీ ఉంటుంది. పెళ్ళికి షామియానాలు, కుర్చీలు మనం చేయించుకుంటామా? సప్లయర్స్ షాపు నుంచి తెచ్చుకుంటాం. ఇదీ అంతే. ఎవరో రాసిపెట్టినది తెచ్చుకుని వాడటమే.”

“థ్రెడ్డంటే దారమేగా?”

“దారమే. పోగు.”

“దారప్పోగా, కాయల పోగా?”

సిద్దికా నవ్వి దారప్పోగే అంది. అయితే తనకు తెలుసంది రహిమున్నీసా. వాళ్ళది తాతలనాడు దూదేకిన కుటుంబం. ఆమె తాత దూదేకుతుంటే లేచిన దూది ఆకాశానికి పోయి మబ్బై, మూడు రోజులు ముసురు పట్టిందని, ఆ వానకు తడిసిన వాళ్ళు జేబుల్లోంచి దూది పింజలు ఏరుకున్నారని ఆమె సిద్దికాకు పాలబుగ్గలనాడే చెప్పి ఉంది. ఇప్పుడు మళ్ళీ చెప్పింది. ఈసారి ముసురు వారానికి పెరిగింది.

ఇక తిట్టమని సిద్దికా ఫోను మొహం ముందు పెట్టింది. రెడీ అనగానే రహిమున్నీసాకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. పైట సర్దుకుంది. “హుష్, పోండమ్మా, కాయలు తొక్కకండి, బాబ్బాబూ” అని గుక్కెడు మాటలు చెప్పి చాలంది. సిద్దికా దాన్ని పెట్టెలో వేసి నడిపి చూసింది. రెండు నిమిషాలకొకసారి ఠంచనుగా పలికింది. సాయంత్రం దాకా పరీక్షించి, ఏ లోపమూ లేదని తేల్చింది. నచ్చకపోతే ఫోనులో ఈ ఎర్ర గుండీ నొక్కి మళ్ళీ మాట్లాడు, పాతది పోయి కొత్తది పెట్టెలోకి పోతుందని చెప్పి నిద్రపోయింది.

రహిమున్నీసాకు నచ్చలేదు. ఆ తిట్టుకు కోడి కూడా లేవదు. మర్నాడు పొద్దున్నే, సిద్దికా లేవకముందే, ఆమె ఫోను కొంగులో దాచుకుని కల్లానికి వెళ్ళింది. ఎదురుగా గట్టు మీద అల్లుడు కాలు మీద కాలేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎర్ర గుండీ నొక్కింది. ఎవరూ చూడటం లేదు, సిగ్గు లేదు. ఇక తనివితీరా మొదలుపెట్టింది. ముగించేసరికి మంచం కోడు దగ్గరున్న వేపనీడ మంచం దాటి పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, నచ్చకపోతే మార్చమన్నారు, మార్చింది.

పెళ్ళి రోజు పొద్దున సిద్దికా కల్లానికి పోయి ప్రోగ్రాము మొదలుపెట్టింది. కోతులు పీకేస్తాయని జాన్ బాషా పెట్టెకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హారనులోంచి అత్త గొంతు రాగానే, ఏం తిడుతోందో వినకుండానే సిద్దికా ఇంటికి వచ్చేసింది, చీర కట్టుకోవాలిగా. రహిమున్నీసా మంగళగిరి చీర మడతలు పెట్టుకుంటూ తన గొంతు తానే విని మురిసిపోయింది. ఏం గొంతు! ఇన్నేళ్ళూ ఊరంతా విన్నది, తను మాత్రం ఎప్పుడూ దూరం నుంచి వినలేదు.

కొంచెంసేపటికి ఆ గొంతు పక్కన ఇంకో గొంతు లేచింది. అదీ తనదే. మొదటిది మధ్యలో ఉండగా రెండోది మొదటినుంచి ఎత్తుకుంది. ఇంకొంచెంసేపటికి మూడోది. తర్వాత లెక్క ఎవరు పెట్టారు? వేపకొమ్మ మీద రహిమున్నీసాలు ఒకరి మీద ఒకరు ఎక్కి అరుస్తున్నారు. పదిమంది ఉంటారని కొందరు, యాభైమందని కొందరు. అవతలి మండలంలో పెళ్ళిచూపులు ఆగిపోయాయని, పిల్లకు అత్త పోరు ఎక్కువేమోనని అక్కడికక్కడే అనుమానం పడ్డారని కూడా ఒక మాట ఉంది. కోతుల మందైతే కనబడితే ఒట్టు.

రహిమున్నీసా చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగెత్తింది. వెనకాల సిద్దికా.

“దారప్పోగులన్నావు, కాయల పోగైందేందే?”

“నువ్వు మళ్ళీ రికార్డు చేశావా?”

“చేశా.”

“ఎంతసేపు?”

“ఎంతసేపు తిడతారో అంతసేపు.”

సిద్దికా పరుగులోనే తల కొట్టుకుంది. పని ముగిసినా ముగియకపోయినా రెండు నిమిషాలకొక కొత్త థ్రెడ్డు లేచి మొదలుపెట్టమని తాను రాసింది. గుక్కెడు తిట్టుకు అది సరిపోయింది. అరగంట తిట్టుకు, ముందరి మనిషి నోరు ముయ్యకముందే వెనకాల మనుషులు వరసగా లేస్తున్నారు. ఒక మనిషి అరగంట ఆపకుండా తిట్టగలదని ఆ లైబ్రరీ రాసినవాళ్ళకు తెలియదు. వాళ్ళు కొత్తగుంటపాలెం ఎప్పుడు చూశారు గనక?

అప్పుడే రహిమున్నీసా ఫోను మోగింది. షమీమ్. కూతురి ఏడుపు ఆ రొదలో సగమే వినబడినా సంగతి మొత్తం అర్థమైంది. ముస్తాక్ కారు ఊరి మొదట్లో కల్వర్టు దాకా వచ్చింది. అద్దం దించగానే ఆకాశంలోంచి అత్త గొంతు.

“ఏరా అల్లుడూ, మళ్ళీ దిగావా? నిన్ను పిలిచిందెవర్రా? తిన్నది అరిగిందా, మళ్ళీ తినిపోదామని వచ్చావా? ఆ మూతి చూడు, ఆ కూర్చోవడం చూడు...”

ఒక్క గొంతైతే సర్దుకునేవాడేమో. పదిమంది అత్తలు, ఒకరు ‘దిగావా’ అంటుంటే ఒకరు ‘మూతి చూడు’ అంటుంటే ఏ మగాడు తట్టుకుంటాడు? ఇన్నాళ్ళ తర్వాత వస్తే మైకు పెట్టించి మరీ తిట్టిస్తుందా అని పెళ్ళానికి ఫోను చేసి కారు వెనక్కి తిప్పాడు.

రహిమున్నీసా ఇంకా వేగం పెంచింది. రెండు గంటల్లో చర్చిలో పెళ్ళి. ఆ కారు పోతే చీరాల లేదు, ఎలీసమ్మ లేదు. కల్లం దగ్గరికొచ్చి చూస్తే పెట్టెకు తాళం. జాన్ బాషా లేడు. కారు తిరగడం చూసి దాన్ని ఆపడానికి కల్వర్టు వైపు పరుగెత్తాడు, తాళంచెవి జేబులో ఉండగానే. దూరంగా కనబడుతూనే ఉంది. తెల్లకారు ఆగి ఉంది. జాన్ బాషా దాని అద్దం దగ్గర వంగి పెదాలు కదిలిస్తున్నాడు. మామూలు రోజున మంచం అవతలికి వినబడని గొంతు, ఇన్ని గొంతుల మధ్య, బిగించిన అద్దంలోంచి ఎలా వినబడుతుంది?

తనే ఒక్క కేక వేద్దామనుకుంది రహిమున్నీసా. వేసింది కూడా. పదకొండో గొంతు అనుకుని కారు కొంచెం ముందుకు పోయింది, జాన్ బాషా దాన్ని పట్టుకుని వెంటే నడిస్తే మళ్ళీ ఆగింది.

సిద్దికా ఫోనులోంచి ప్రోగ్రాముకు ఆగమని చెప్పింది.

“ఆగలేదేందే?”

“కొత్తవి లేవవత్తా. లేచినవి మాత్రం వాటి పని ముగించుకునే పోతాయి. నేనట్టా రాశా. సగంలో తుంచకూడదని.”

చేసేదేమీ లేక ఇద్దరూ వేపచెట్టు కింద నిలబడ్డారు. కాసేపటికి ఒక గొంతు తగ్గింది. రొదలో తేడా పెద్దగా తెలియలేదు. తర్వాత ఇంకొకటి. సంతలోంచి ఒక్కొక్కరే ఇంటికి పోతున్నట్టు గొంతులు రాలిపోతున్నాయి. నాలుగు మిగిలాయి, మాటలు విడివిడిగా వినబడుతున్నాయి. మూడు. రెండు. చివరికి ఒక్క రహిమున్నీసా మిగిలింది. అందరికంటే ఆఖర్న లేచినది. అది కూడా తిట్లన్నీ ముగించి తోక దగ్గరికి వచ్చింది. ఇంత రొద తర్వాత ఆ ఒక్క గొంతు పొలాల మీదుగా తేలికగా పోతోంది.

“...సరే, తిట్టిందేదో తిట్టాలే. నోరే గాని నా కడుపులో ఏముందిరా అల్లుడా. ఎండన పడి వచ్చావు, మొహం చూడు ఎట్టా వాడిపోయిందో. ఇంతసేపూ తిన్నావా అని అడగలేదు నేను, నాదే బుద్ధి తక్కువ. కాసిని నీళ్ళు తాగు. నా మాటలు పట్టించుకుని రావడం మానుకోవద్దు. నువ్వు రాకపోతే నేనెవర్ని తిట్టుకోను?”

హారను గర్రుమని ఆగింది. కల్లంలో ఎండిన కాయలు కదిలే చప్పుడు వినబడింది.

రహిమున్నీసా సిద్దికా వైపు చూడలేదు. ఆ మాటలు అన్నప్పుడు ఎదురుగా ఉన్నది కోతే. ఏ అల్లుడితో అన్నదో ఆమెకే తెలియాలి.

కల్వర్టు దగ్గర, ఆ చివరి మాటలకు సగం దిగిన కారు అద్దం పూర్తిగా దిగింది. జాన్ బాషా నిటారుగా నిలబడ్డాడు. కారు వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ కల్లం దాకా వచ్చి ఆగింది. ముస్తాక్ దిగాడు. గట్టు వైపు చూస్తూ చెప్పులో రాయి దులుపుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడేమో, మిరప ఘాటులే అనుకున్నారు అందరూ.

“దానికింత మైకు ఎందుకత్తా? ఒక ఫోను చేసి చెప్తే నేను రానా?” అన్నాడు.

రహిమున్నీసా నోరు తెరిచి, మళ్ళీ మూసింది. ఆమె నోరు తెరిచి మూయడం ఊళ్ళో అదే మొదలు. చెంబుతో నీళ్ళిచ్చింది. ముస్తాక్ గుటగుటా తాగాడు.

ఈలోగా సిద్దికా పెట్టె తెరిపించి ఒక్క ముక్క మార్చింది. రెండు నిమిషాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి కాకుండా ముగించిన దగ్గర్నుంచి లెక్క. ఒక రహిమున్నీసా పూర్తిగా తిట్టి, మెత్తబడి, నీళ్ళు తాగమని చెప్పి, రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుంటేనే ఇంకో రహిమున్నీసా లేస్తుంది. ఆ చివరి మాటలు తీసేయనా, కోతులకు అలుసైపోతామేమో అని గొంతు తగ్గించి అడిగింది.

“తీయొద్దు” అంది రహిమున్నీసా. తుమ్మచెట్టు కింద గిన్నె నిండా నీళ్ళుంచమని తమ్ముడికి చెప్పి కారెక్కింది.

చర్చిలో ప్రమాణాలు మొదలయ్యే వేళకు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచారు. ఎలీసమ్మ ముందు వరసలోంచి తల తిప్పి చూసి, పాస్టరుగారు మాట్లాడుతుండగానే లేచి వచ్చేసింది. ఇద్దరు ముసలమ్మలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని చాలాసేపు ఊగారు. రహిమున్నీసా చెవిలో ఏదో చెప్పింది. నిజంగా చెవిలోనే, పక్కవాళ్ళకు వినబడకుండా. ఎలీసమ్మ కంగారు పడింది.

“ఒసే, నీ గొంతేదే?”

“కల్లంలో వదిలొచ్చా.”

ఫెబాకు పూలు ఇచ్చి, నుదురు ముద్దుపెట్టుకుని, ఫొటోలో ఎలీసమ్మ పక్కనే నిలబడింది. ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళకూ కలిపి ఒకే ఫొటో.

భోజనాల బల్ల దగ్గర ముస్తాక్‌కు కుడివైపు రహిమున్నీసా, ఎడమవైపు సిద్దికా. ఎలీసమ్మ స్వయంగా నిలబడి వడ్డిస్తోంది. అప్పుడు జాన్ బాషా ఫోను. తమ్ముడి గొంతు స్పీకరు పెడితే గాని వినబడదు కాబట్టి రహిమున్నీసా అలవాటుగా స్పీకరు నొక్కింది.

“అక్కా, అంతా బాగుంది. కాయ తిరగేశా. మంద మళ్ళీ రాలేదు. అల్లుడొక్కడే వచ్చి కూర్చున్నాడు” అన్నాడు జాన్ బాషా.

ముస్తాక్ ముద్ద చేతిలోనే ఆగింది. రహిమున్నీసా ఫోను నొక్కబోతే బిర్యానీ చేతికి తెర లొంగలేదు.

“నీ తిట్లన్నీ కాలు మీద కాలేసుకుని వింటున్నాడు. చివర్న నీళ్ళు తాగమనగానే దిగి గిన్నె దగ్గరికి పోతున్నాడు. ఇందాక తోక తగిలి గిన్నె బోర్లాపడితే మళ్ళీ పోశాలే.”

సిద్దికా కంచంలో ఏదో పోయినట్టు వెతుక్కుంటోంది. ముస్తాక్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మింగాడు. నీళ్ళు తాగాడు. అప్పుడు అత్త వైపు తిరిగాడు.

“ఆ అల్లుడు ఉప్పు గురించి ఏమన్నా అన్నాడా అత్తా?”

“ఏమీ అనలేదు నాయనా. అందుకే రోజూ వస్తున్నాడు.”

ముందు ముస్తాక్ భుజాలు అదిరాయి. తర్వాత బల్ల అదిరింది. కల్లంలో వదిలొచ్చిందనుకున్న గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చి, రహిమున్నీసా నవ్వింది. ఆ నవ్వుకు పెళ్ళి పందిట్లో పాడుతున్న పిల్ల చరణం మరిచిపోయిందని, చీరాల స్టేషన్‌లో కదలబోతున్న రైలు ఎవరో ఆపమన్నారనుకుని ఇంకో నిమిషం ఆగిందని చెప్పుకుంటారు. రైలు సంగతి కల్పన అనేవాళ్ళు కూడా ఉన్నారు.